ఆమె జారి పడలేదు

"మీ ఆయనేనా?" అని కౌన్సెలర్ మేడం అడిగింది.

అవునన్నట్టు తల ఊపాను. నాకు పెళ్లే కాలేదు.

కరీంనగర్‌లో ఒక దవాఖాన ఆవరణలో, ఓ మూలకు ఉండేది ఆ మహిళా సహాయ కేంద్రం. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు వస్తే కొన్నాళ్లు ఉండనిస్తారు, వైద్యం చేయిస్తారు, పోలీసులతోనూ వకీలుతోనూ మాట్లాడిస్తారు. నేను పనిచేసే ల్యాబుకు వెళ్లే దారిలోనే ఉండేది. దాని గోడ మీద తల పట్టుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ, ఆమె మీదికి చెయ్యెత్తిన మీసాల మగవాడి బొమ్మ వేసి ఉండేవి. ఆ గోడ చూసినప్పుడల్లా, ఇది నా కోసం కాదు అనుకునేదాన్ని. నన్ను కొట్టేది ఆడమనిషి.

"తాగుతడా?"

"అప్పుడప్పుడు."

"ఏం పని జేస్తడు?"

"లారీ నడుపుతడు."

మేడం ఏది అడిగినా జవాబు నోటి దగ్గరే సిద్ధంగా ఉండేది. చిన్నప్పటి నుంచీ ఇట్లాంటి మొగుళ్ల గురించి ఎన్ని కథలు వినలేదు! ఒకణ్ని తయారుచేయడం పెద్ద కష్టం కాలేదు. పేరు అడిగితే మా కాలనీలో ఉండి ఎప్పుడో ఊరు వదిలిపోయిన ఒకతని పేరు చెప్పాను. నా కింది పెదవి పగిలి ఉంది. చెవి వెనక జుట్టు ఊడివచ్చిన చోట మండుతోంది. అవి మాత్రం నిజాలు. ఆ నిజాలకు ఒక మగవాణ్ని అతికించాను.

"ఏడ్వకు బిడ్డా," అని మేడం చాయ్ గ్లాసు నా ముందుకు జరిపింది. "తప్పు జేసినోడు ఆడు. నువ్వెందుకు తలకాయ దించుకుంటవ్?"

ఆ మాటకు నా తల ఇంకాస్త కిందికి దిగింది.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్లో పుట్టి పెరిగి, ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. తను, ఆ కొట్టే మనిషి, అక్కడికే రక్త పరీక్షకు వచ్చింది. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి ఊరు తనది. కబడ్డీ బాగా ఆడేది. ఆ ఆట చూసి కరీంనగర్‌లోనే ఒక ప్రైవేటు బడివాళ్లు ఆటల టీచరుగా పెట్టుకున్నారు. అంత పొడుగు మనిషి, అంత బలమైన భుజాలు, సూది చూడగానే మొహం అటు తిప్పేసుకుని రెండో చేత్తో నా కొంగు పట్టుకుంది. సూది తీసి దూది పెట్టాక కూడా వదల్లేదు.

"ఝాల కా? అయిపోయిందా?" అంది. వాళ్ల వైపు తెలుగులో మరాఠీ ఇట్లాగే కలిసిపోయి ఉంటుంది.

"ఎప్పుడో అయిపోయింది. కొంగు ఇడిస్తే ఇంకొకల్లకు తీస్త," అన్నాను.

అట్లా మొదలైంది. కొన్నాళ్లకు మంకమ్మతోటలో ఒక మేడ మీది గది కిరాయికి తీసుకున్నాం. ఇంటి ఓనరమ్మకు మేనత్త, మేనమామ బిడ్డలమని చెప్పాం. ఎంత వీలైన అబద్ధమో అది. వదినా అని పిలుచుకోవచ్చు, ఎంత పరాచికమాడినా ఎవరికీ అనుమానం రాదు. ఓనరమ్మే మెట్ల కింది నుంచి "మీ వదినా మరదండ్ల ముచ్చట్లు ఒడువయా?" అని నవ్వేది.

మంచి రోజులు ఉండేవని కూడా రాయాలి. ఆదివారం పొద్దున తను జొన్నరొట్టెలు చేసేది, నేను పచ్చిపులుసు కలిపేదాన్ని. ఒకసారి కొండగట్టుకు పోతే కోతి మా కొబ్బరిచిప్ప గుంజుకుపోయింది. తను దాని వెంట మెట్ల మీద పరుగెత్తింది, కబడ్డీలో కూతకు పోయినట్టు. భక్తులందరూ నిలబడి చూశారు. నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది. ఆ మనిషే ఈ మనిషి అని చెబితే, కేంద్రంలో ఎవరికైనా ఏం అర్థమవుతుంది? నాకే అర్థం కాలేదు.

మొదటిసారి కొట్టింది నన్ను కన్న అవ్వ ఫోన్ చేసినప్పుడు. "పిలగాడు దుబాయ్‌ల ఉంటడంట, మంచోడంట, ఒకపారి ఫోటో జూస్తవా?" అని అవ్వ అంటుంటే, ఆ మాట తప్పించడానికి "సరే తియ్యవ్వా, జూద్దాం" అన్నాను. ఫోన్ పెట్టకముందే చెంప మీద పడింది. నాకు నొప్పి కంటే ముందు ఆశ్చర్యమే కలిగింది. తర్వాత తనే నా కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

"నువ్వు పోతవని భయమైతది నాకు. నువ్వే నన్ను గిట్ల జేస్తున్నవ్."

నమ్మాను. నమ్మడానికి నా దగ్గర కారణాలుండేవి. తను తన అన్నకు మా సంగతి చెప్పేసి, ఆ ఇంటితో తెగతెంపులు చేసుకుని వచ్చింది. నాకు ఆ ధైర్యం లేదు. ప్రతి పండక్కీ గోదావరిఖని పోయి, ఆడపిల్లల హాస్టల్లో ఉంటున్నట్టే మాట్లాడి వచ్చేదాన్ని. ఇంత ప్రేమను వదిన అనే మాట కింద దాచి ఉంచినందుకు ఈ దెబ్బ పడాల్సిందేలే అనుకున్నాను. రానురాను కారణాలు చిన్నవవుతూ వచ్చాయి, దెబ్బలు పెద్దవవుతూ వచ్చాయి. ల్యాబులో ఆలస్యమైతే ఒకటి. ఫోన్ ఎత్తకపోతే ఒకటి. వదిలి పోతానంటే "మీ బాపుకు అంత చెప్పేస్త" అనేది.

ఎవరికైనా చెప్పాలంటే ఇంకో భయం. మాలాంటి వాళ్ల గురించి లోకం ఏమనుకుంటుందో తెలుసు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతికితే ఇట్లాగే అవుతుంది, చూశారా, అంటారు. ఆ మాట అనే అవకాశం నా నోటితో నేనే ఇవ్వకూడదనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం తను నా జుట్టు పట్టుకుని తలను కిటికీ ఊచలకు కొట్టింది. పెదవి పగిలింది. తను స్నానానికి వెళ్లిన సమయం చూసి, ఫోన్ కూడా తీసుకోకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను. నా కాళ్లు నన్ను ఆ మీసాల బొమ్మ ఉన్న గోడ దగ్గరికే తీసుకుపోయాయి.

కేంద్రంలో నాకిచ్చిన గదిలో అప్పటికే ఒక ఆమె ఉంది. మంథని దగ్గరి పల్లె. నాకంటే చాలా పెద్దది, అక్కా అని పిలిచాను. బీడీలు చుట్టి బతికే మనిషి. అక్కడ ఆకూ తంబాకూ లేకున్నా, మాట్లాడుతుంటే ఆమె వేళ్లు ఒళ్లో వాటంతటవే చుడుతూ ఉండేవి. నా తల చూసి, తన సంచిలోంచి కొబ్బరినూనె తీసి, పుండు పక్కల నుంచి మెల్లగా చిక్కు తీసింది.

"జుట్టు వట్టి గుంజిండా? మావోనికి గూడ గదే అలవాటు," అంది.

నేను ఊఁ కొట్టాను.

అక్క తన కథ చెప్పింది. మొగుడు కొట్టి దవాఖానకు పోయినప్పుడల్లా జారి పడ్డాననే చెప్పేదట. "బోరింగు కాడ జారి పడ్డ, కొట్టంల జారి పడ్డ, గడప తట్టుకోని పడ్డ. ఆఖరికి డాక్టరమ్మనే అడిగింది, ఏం బిడ్డా, మీ ఊర్ల నేలంత గంత నున్నగుంటదా అని." ఆమె నవ్వింది. నవ్వి, నా జుట్టులో ఇంకో పాయ విడదీసింది. "ఈసారి మాత్రం చెప్పేసిన. జారలే డాక్టరమ్మా, కొట్టిండు అని చెప్పిన. గా ఒక్క మాట అననీకి పెండ్లయిన కాడికెళ్లి ఇయ్యాల్టిదాంక పట్టింది నాకు."

నా తలలో ఆమె వేళ్లు మెత్తగా కదులుతున్నాయి. లేని మొగుణ్ని అడ్డం పెట్టుకుని ఆమె జాలిని తీసుకుంటున్నానని ఒళ్లంతా కుంచించుకుపోయింది. అయినా నోరు విప్పలేదు.

మర్నాడు ఇంకో పని చేశాను. అక్కను ఫోన్ అడిగి తీసుకుని తనకు చేశాను. ఏమయ్యానో తెలియక తను ఏం చేసుకుంటుందోనని భయం వేసింది. ఆ గొంతు వినాలనీ ఉంది. "బతికే ఉన్న, నా గురించి ఫికర్ జేయకు," అన్నాను. వెనక నుంచి ఎవరో ఆయా 'సెంటర్ల ఉన్నోల్లు బువ్వకు రాండ్రి' అని కేకేసింది. తనకు ఆ కేక చాలు, ఊళ్లో అట్లాంటి సెంటర్ అదొక్కటే.

మరుసటి రోజు మధ్యాహ్నం గేటు దగ్గర కాపలా ఉండే ఆమె వచ్చింది. మగవాళ్లను ఆ గేటు లోపలికి ఎట్లాగూ రానివ్వరు. మొగుడు వచ్చి మొత్తుకున్నా బయటే. "మీ మేనత్త బిడ్డనట, నీ వదిననట. టిఫిన్ డబ్బ తెచ్చింది. పంపన్నా?" అని అడిగింది.

వద్దు అనే మాట చాలా చిన్నది. అప్పుడు అది నాకు దొరకలేదు.

"పంపక్కా," అన్నాను.

వెనక వరండాలో కూర్చున్నాం. వరండా కింద మూడు మెట్లు, అవతల నల్లా, బట్టలారేసే తీగలు. అక్క అక్కడ చీర పిండుతోంది. తను డబ్బా మూత తీసింది. సర్వపిండి, నాకిష్టమని నువ్వులు ఎక్కువ వేసి చేసింది. తన కళ్లు వాచి ఉన్నాయి. నా పెదవి చూసి ఏడ్చింది. ఇంకెప్పుడూ కొట్టనంది. నేనూ ఏడ్చాను. కొంచెంసేపు మేము మళ్లీ మేమే అయినట్టు అనిపించింది.

"నా మీద కేసు పెట్టినవా?" అని మెల్లగా అడిగింది.

"లేదు. మా ఆయన కొట్టిండని చెప్పిన."

తను పకపకా నవ్వింది. "మొగడట! సరే నడువు, ఇంటికి పోదాం."

"ఇప్పుడు రాను. కొన్ని రోజులు ఈడనే ఉంట."

నవ్వు ఆగిపోయింది. "నడువంటున్న గదా," అని నా జబ్బ పట్టుకుంది. నేను వెనక్కి గుంజుకున్నాను. డబ్బా కిందపడింది. తన చెయ్యి నా జుట్టులోకి, అదే పుండు మీదికి వచ్చింది. నేను అరిచానో లేదో గుర్తు లేదు. అక్క పిండుతున్న చీర పడేసి మెట్లెక్కి వచ్చి మా ఇద్దరి మధ్య దూరింది.

"ఇడువవే పోరీ! ఎవలనుకున్నవ్, ఇడువు!"

తను ఒక్క తోపు తోసింది. కబడ్డీ ఆడిన చేతులు. అక్క వెల్లకిలా మెట్ల మీద పడింది. కుడి చెయ్యి ఒంటి కింద మడత పడింది. ఎండుకట్టె విరిగినప్పటి చప్పుడు నాకు వినిపించింది.

తను కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత వేగంగా నడిచి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఎందుకు ఆపుతారు, వచ్చింది వదిన కదా.

మేడం పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? గిదెట్ల పడ్డవ్?"

అక్క నొప్పితో పళ్లు బిగబట్టి నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో. మేడం వైపు తిరిగి చెప్పింది:

"ఏం లేదు మేడం. సబ్బునీళ్ల మీద జారి పడ్డ."

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఎక్సరే గది దాకా ఆమె సంచి మోసుకుంటూ వెళ్లాను. డాక్టరుకూ ఆమె అదే చెప్పింది. అప్పుడూ పక్కనే ఉన్నాను. సిమెంటు కట్టు వేస్తుంటే ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను, చాలా మంచిదాన్నయినట్టు.

సాయంత్రం గదిలో అడిగాను. "ఎందుకట్ల చెప్పినవక్కా?"

"నీ మొకం జూసిన. గా మొకం నాకు ఎర్కనే. అద్దంల ఎన్నిసార్లు జూసుకోలే!" అని, కట్టున్న చేతిని ఒళ్లోకి సర్దుకుని అడిగింది. "గామె నీకేమైతది?"

నా బతుకులో ఆ ప్రశ్నకు నిజం చెప్పింది మొదట ఆమెకే. "నాకు మొగడు లేడక్కా. నన్ను కొట్టేది గామెనే. మేమిద్దరం కలిసి బతుకుతున్నం."

"ఆలుమగల లెక్కనా?"

"గట్లనే."

ఆమె ఎడమ చేత్తో దుప్పటి అంచు సర్దింది. నన్ను అసహ్యించుకుంటుందేమో, మంచం మార్చమంటుందేమో అనుకున్నాను. చివరికి, "మరి గామెకు గూడ మొగోల్లకున్న రోగమే ఉన్నదా!" అని నిట్టూర్చింది. తర్వాత అంది, "మేడంకు నిజం చెప్పమంటవా? నువ్వంటె చెప్త. జారలే, తోసింది అని చెప్త."

అప్పుడు నేనన్న మాట ఇది: "చెప్తె ఆమె నౌకరి పోతదక్కా. బడిల పిల్లలకు ఆటలు నేర్పుతది. పోలీసులొచ్చిన్రంటె మల్ల ఏ బడిల రానియ్యరు."

ఆమె తన చేతి వంక చూసుకుంది. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్లు వాచి ఉన్నాయి.

"నా నౌకరి సంగతి అడుగుతలేవేంది బిడ్డా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగినట్టు అడిగింది.

మర్నాడు పొద్దున మేడం గదికి వెళ్లి మొత్తం చెప్పాను. మొత్తం అంటే సగం. నాకు మొగుడు లేడని, కొట్టేది నాతో ఉండే ఆడమనిషి అని, నిన్న వచ్చింది ఆమే అని చెప్పాను, తోసిందని మాత్రం చెప్పలేదు. చెప్పి, ఎక్కడా రాయొద్దని చేతులు జోడించాను.

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. "నీ మొగని కోసం లారీ అడ్డల పొంటి కానిస్టేబుల్‌ను తిప్పిన బిడ్డా," అంది మొదట. తర్వాత, నేను చెప్పనిది కూడా అర్థమై, గొంతు మారింది. "ముందే చెప్తె గేటు కాడనే ఆపేదాన్ని గదా. ఆమె చెయ్యి విరుగకపోవు గదా."

"చెప్తె నన్ను ఉండనిచ్చేటోల్లా మేడం?"

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "తెల్వది," అంది. "అబద్ధమెందుకు, నిజంగనే తెల్వది. మా ట్రైనింగుల గిట్లాంటిది ఎవ్వలు చెప్పలే."

ఆమె మీద నాకు గౌరవం ఆ మాటతోనే కలిగింది. నన్ను పంపించేయలేదు. గేటు దగ్గర చెప్పింది, ఆడవాళ్లైనా సరే నన్ను అడక్కుండా ఎవరినీ పంపొద్దని. తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేసి, చివరికి ఒకామెను పిలిపించింది.

ఆమె ట్రాన్స్‌జెండర్ మహిళ. వయసులో మా అవ్వంత ఉంటుంది. నేత చీర, నుదుట పెద్ద బొట్టు. అందరూ అమ్మా అనే పిలుస్తారు. బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపు మీది గదిలో తనలాంటి వాళ్లకు, నాలాంటి వాళ్లకు సాయం చేసే చిన్న సంఘం నడుపుతుంది. నేను భయపడుతూ అడిగాను.

"నేను కంప్లైంట్ ఇస్తె మనోల్లను మనమే బద్నాం జేసినట్టయితది గదమ్మా?"

ఆమె నా పక్కన కూర్చుంది. "నా కాడికి మొగడు కొట్టిండని వచ్చినోల్లున్నరు, మా హిజ్రాల గురువు కొట్టిందని వచ్చినోల్లున్నరు, తమ్ముడు కాలు ఇరగ్గొట్టిండని వచ్చినోల్లున్నరు. బద్నాం గాకుండ కాపాడుదామని నోర్మూసుకున్న ఒక పిల్లను దవాఖాన కాడికి మోసుకపోయిన. మల్ల వాపస్ మోసుకరాలే. గంతే చెప్త నేను."

కేంద్రంలో ఉండే గడువు అయ్యాక ఆ జిరాక్స్ షాపు మీది గదికే వెళ్లాను. అమ్మే ఇద్దరిని వెంటబెట్టుకుని నాతో మంకమ్మతోట వచ్చి, నా బట్టలు, సర్టిఫికెట్లు తెచ్చుకునేదాకా మెట్ల మీద కూర్చుంది. తను ఇంట్లో లేదు. సంఘం తరఫున ఒక వకీలమ్మ వచ్చి మాట్లాడింది. గృహహింస చట్టంలో మాలాంటి జంటకు చోటుందో లేదో కోర్టే తేల్చాలని, కానీ కొట్టడం, తోయడం ఎవరు చేసినా నేరమేనని, దానికి ఏ బంధుత్వమూ చూపించక్కర్లేదని విడమరిచి చెప్పింది. సంతకం పెట్టడమే మిగిలింది. నేను పెట్టలేదు.

అక్క అంతకు ముందే, నేను కేంద్రంలో ఉండగానే వెళ్లిపోయింది. వాళ్ల తమ్ముడొచ్చి తీసుకుపోయాడు. పోయేముందు గుమ్మంలో ఆగి నన్ను చూసింది. ఒక్క మాట అంటుందేమో ఈ పిల్ల అని ఆమె ఆగిందని నాకు తెలుసు. "పైలం అక్కా," అన్నాను. ఆమె తల ఊపి వెళ్లింది. జారి పడటం వల్లే ఆ చెయ్యి విరిగిందని కాగితాల్లో అట్లాగే ఉండిపోయింది.

కొన్ని వారాల తర్వాత మేడం ఫోన్ చేసింది. కేంద్రంలో మనిషికి చెయ్యి ఎందుకు విరిగిందని పైనుంచి అడిగారట. కాగితాల్లో జారి పడిందనే ఉంది కాబట్టి, మెట్ల మీద సబ్బునీళ్లు వదిలేసిందని, ఊడ్చి తుడిచే ఆమెను పనిలోంచి తీసేశారట.

"నీ మీద జోర్ జేస్తలేను," అంది మేడం. "గని నీకు తెలియాలె. గందుకే చెప్పిన."

ఆ ఊడ్చే ఆమె మొహం కూడా నాకు సరిగా గుర్తు లేదు. నా ఒక్క మౌనం ఒకరి చెయ్యిని, ఇంకొకరి పొట్టను కొట్టింది. నన్ను కొట్టినప్పుడు తను అనేది కదా, నువ్వే నన్ను ఇట్లా చేస్తున్నావని. ఆ మాట అబద్ధమని అమ్మ దగ్గర కూర్చుని నెమ్మదిగా నేర్చుకుంటున్నాను. కానీ ఈ రెండు మాత్రం నేను చేసినవే. ఇందులో తను లేదు.

ఆ రోజే అమ్మను తోడు తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి వాంగ్మూలం ఇచ్చాను. సబ్బునీళ్లు లేవని, తోస్తే పడిందని, తోసింది ఎవరో, ఆమె నాకు ఏమవుతుందో చెప్పాను. రాసుకుంటున్న ఆయన మధ్యలో కలం ఆపి నా వంక చూశాడు. అమ్మ గొంతు సవరించుకుంది. ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. మేడం మంథనికి కబురు చేస్తే అక్క కూడా తన మాట మార్చి నిజం చెప్పింది. ఊడ్చే ఆమెను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అప్పటికే తను బడి మానేసి ఊరికి వెళ్లిపోయింది. పోలీసులు పిలిపించారు. వచ్చింది, ఒప్పుకుంది. ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు నిర్మల్‌లో ఎక్కడో పనిచేస్తోందని విన్నాను. తనతో ఇంకెవరైనా ఉంటున్నారేమో, ఆ గదిలో కిటికీకి ఊచలున్నాయేమో అని ఆలోచిస్తుంటాను. అంతలోనే తను జొన్నరొట్టె కొట్టే చప్పుడు గుర్తొస్తుంది. అది గుర్తొచ్చినందుకు అక్క ముందు దోషిలా అనిపిస్తుంది.

సంగతి గోదావరిఖని దాకా చేరింది. బాపు చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు. జిరాక్స్ షాపు మీది గదిలో, అమ్మ వేసిన కుర్చీలో, టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టిందా?" అని అడిగాడు.

"కొట్టింది బాపూ."

"మస్తు రోజులాయెనా?"

"ఆఁ."

"మరి నాకెందుకు చెప్పలే?"

మిగతాది ఆయన అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. నేనూ చెప్పలేదు. పోయేటప్పుడు అమ్మకు దండం పెట్టి పోయాడు. అవ్వ మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు.

ల్యాబు పని అయ్యాక సాయంత్రాలు సంఘం ఫోన్ నేనే ఎత్తుతాను. జగిత్యాల నుంచి, మంచిర్యాల నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో చేస్తారు. చాలామంది మొదట అబద్ధమే చెబుతారు. స్నేహితురాలి సంగతి అంటారు, చుట్టాల పిల్లాడి సంగతి అంటారు. నేను తొందరపెట్టను. మేడం ఇప్పుడు తన దగ్గరికి వచ్చిన వాళ్లలో కొందరిని మా దగ్గరికి పంపుతుంది. గోడ మీది బొమ్మ మాత్రం అట్లాగే ఉంది.

పోయిన వానాకాలం మంథని వెళ్లాను. నాట్లు పడుతున్న పొలాల మధ్య నుంచి ఆటోలో, అడుగుతూ అడుగుతూ పోయాను. అక్క వాళ్ల తల్లిగారింటి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె మరదలు బీడీలు చుడుతోంది. అక్క ఒళ్లో బీడీల చాట లేదు. నన్ను గుర్తుపట్టి లేచి లోపలికి పిలిచింది, చాప వేసింది, చాయ్ పెట్టింది. కుడి మణికట్టు సగం దాకే తిరుగుతోంది. చాయ్ గిన్నెను ఎడమ చేత్తో వంపింది.

"చుట్టనీకి వస్తలేదు," అంది నేను అడగకముందే. "కూలికి పోత. నాట్లకు గూడ ఎడమ చేత్తోనే. అలవాటైంది."

నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఏం చేయమంటే అది చేస్తానన్నాను. కరీంనగర్‌లో మంచి ఎముకల డాక్టరుకు చూపిస్తానన్నాను. ఆమె వింటూ కూర్చుంది. నా ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"నువ్వు మంచిగున్నవా? గామె మల్ల రాలే గదా?"

"రాలేదక్కా."

"గది చాలు."

చాయ్ తాగాను. వాన మొదలయ్యేట్టు ఉందని, ఆఖరి బస్సు పోతుందని ఆమే లేపింది. అరుగు దాకా వచ్చింది. నేను చెప్పులేసుకుంటుంటే అంది:

"బిడ్డా, నీ మీద నాకు కోపం లేదు. గని ఇంక రాకు. నువ్వొస్తె నా చెయ్యి యాదికొస్తది."

సరే అక్కా అన్నాను. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఎక్కి కూర్చున్నాను. అప్పటి నుంచి మళ్లీ ఆ వైపు పోలేదు. పోవాలని చాలాసార్లు అనిపించింది.